రేవు

తెల్లారగట్ల నాలుగున్నరకు
రాంనగర్ చౌరస్తాల పదకొండు మంది.
నా చేతిల నీలం గొడుగు,
వాన కోసం కాదు, తప్పిపోకుండ గుర్తు.

"హార్బర్ ఎక్కడన్నా?" కళ్ళద్దాల పిల్ల అడుగుతది.
"రేవు నుంచి భోజనం దాకా అని రాసిన్రు కదా."
గొడుగు లేపి చూపిస్త:
అగో, ఎనకకు ఎనకకు వస్తున్నది
రివర్స్ హారన్ పాడుకుంట.

లారీ తలుపు దించంగనే
మంచునీళ్ళు దుంకి రోడ్డు మీద పారుతయి.
తెల్లబూట్ల పెద్దమనిషి ఒక్క ఎగురు ఎగిరిండు.
"అదే అల సార్" అన్న.
రోజూ అంట, రోజూ నవ్వుతరు.
ఇయ్యాల ఎవ్వరూ నవ్వలే.

థర్మాకోల్ డబ్బాల మీద స్కెచ్ పెన్నుతోటి ఊర్లు:
ఉప్పాడ. నిజాంపట్నం. గిలకలదిండి.
రైలు టేషన్లు పిలిచినట్టు పిలుస్త,
నేనెన్నడూ దిగని టేషన్లు.

మూత తీస్తే చందువలు,
పెండ్లిల కొత్త పళ్ళేల లెక్క ఒకదాన్నొకటి ఒరుసుకుంట.
పక్కన పొడుగ్గ వంజరం,
జరమొచ్చి పండుకున్న పటేలు తీరు.

మొప్ప లేపి చూడున్రి.
ఎర్రగుంటే తీస్కో, మట్టిరంగుంటే నడువు.
కన్ను ఉబ్బుంటే నిన్నటిది,
లోపటికి పోతే మొన్నటిది,
నిన్ను చూడనట్టే చూస్తున్నదంటే
అమ్మెటోని చుట్టం.

సూరాడ నూకరాజు కేబిన్ దిగి ఒళ్ళు విరుస్తడు.
బోటు మనిషి. ఇప్పుడు స్టీరింగు.
"డీజిలు మింగేత్తంది బాబూ, బోటమ్మేసేను.
ఇదీ ఊగుద్ది. దిగితే మాత్రం రోడ్డే."
పదకొండు ఫోన్లు ఆయన ఫొటో తీసినయి.
ఆయన అడిగింది ఒక్క చాయ.

లోపట కత్తిపీటల వరస.
పెంటమ్మ కాలు కింద కత్తి, ఏళ్ళకు బూడిద,
నలభై ఏండ్ల సంది పొలుసులు ఎగురుతనే ఉన్నయి,
ఆమె కొంగు మీద, ముక్కుపుడక మీద.
వంజరం కడుపు చీరితే
చిన్న కవళ్ళు ఒకటి, చెక్కు చెదరకుంట.
పిల్ల దగ్గరికి వంగింది.
"ఇది రెండుసార్లు దొరికింది బిడ్డా," అన్నది పెంటమ్మ,
"పైసలు మాత్రం ఒక్కసారే."
అని పిల్లికి ఇసిరింది.

తొట్లల కొర్రమట్టలు బతికే ఉన్నయి.
వీటి కాడ నేను గైడును కాను,
మా నాయిన కొడుకును.
ఆయన వలేసిన చెరువు మీద ఇప్పుడు ఫంక్షన్ హాలు.
పెద్దవాన పడితే సెల్లార్ల జెల్లలు తేలుతయని
ఆడి వాచ్‌మన్ నాకే ఫోన్ చేస్తడు.
"బాలనర్సన్నా, మీవోళ్ళొచ్చిన్రు."

పదకొండున్నరకు సుగుణక్క రేకుల షెడ్డు.
జొన్నరొట్టె, చింతపులుసు,
పులుసుల మునిగి తలకాయ ఒక్కటి.
ఎవరు తీస్కోవాల్నో తెల్వక
అందరు మర్యాదగ ముక్కలు ఏరుతున్నరు.
తెల్లబూట్లాయన తీస్కున్నడు. బూట్లిడిచి,
బాసింపట్టు ఏసి, కన్ను దగ్గర జుర్రిండు.
అప్పుడు నవ్విన్రు, నేను జోకెయ్యకుండనే.

పిల్ల అడిగింది,
"అన్నా, మీరు సముద్రం ఎన్నిసార్లు చూసిన్రు?"

దీనికి నా దగ్గర జవాబులు మూడున్నయి,
మూడూ నవ్వొచ్చేటియే.
గొంతుల ముల్లు లేదు,
ఉన్నట్టు రొట్టె ముక్క మింగిన.
"సూడలే," అన్న.
సుగుణక్క గంటె ఆగింది.
ఆమెకు గూడ ఇయ్యాలనే తెలిసింది.

నూకరాజు ఎన్నడో చెప్పిండు,
పోయేటప్పుడు పక్క సీటు ఖాళీయే అని.
రేపు టూరుంది అంట నేను. రేపు నిజంగనే ఉంటది.

మూడింటికి పైపు పెట్టి కడుగుతరు.
పొలుసులు, బూడిద, కరిగిన మంచు
మోరీల పడి, నాలాల పడి
మూసీ, మూసీ నుంచి కృష్ణ,
హంసలదీవి కాడ దిగుతదంట.
టికెట్ లేకుంట, గొడుగు లేకుంట.

గొడుగు ముడిచిన. నీచు వాసన.
ఫోన్ మోగింది.
రేపటికి ఆరుగురు.
హార్బర్ కాడ పార్కింగ్ ఉంటదా అని అడుగుతున్నరు.